దుమ్ములో రెండు చెప్పుల గీతలు

బండి ఆగలేదు. మా ఆయన కాళ్ళతో ఆపాడు.

శనివారం సాయంత్రం అది. మా వీధి మెయిన్ రోడ్డు నుంచి కిందికి వాలుగా దిగుతుంది. వాలు చివర మా గేటు. గేటు దాటాక ఇంకాస్త ముందుకు పోతే బావగారి పత్తికట్టె వామి, అక్కడితో వీధి అయిపోతుంది. చిన్నవాణ్ణి చంకనేసుకుని నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. పాప గేటు ఊచల మీదకెక్కి ఊగుతోంది. పైన మలుపులో హారన్ వినపడగానే "నాన్న! నాన్న బండి!" అని వీధంతా వినపడేలా అరిచింది. ఏడాది తర్వాత ఆ బండి మీద వాళ్ళ నాన్నని చూడటం అదే మొదలు మరి.

వాలు సగం దిగేదాకా బాగానే వచ్చాడు. చెయ్యెత్తి పాపకి ఊపాడు కూడా. గేటు దగ్గర పడుతుండగా భుజాలు బిగుసుకున్నాయి. కుడిచేతి వేళ్ళు బ్రేకు మీద ముడుచుకున్నాయి, కుడికాలు కిందికి నొక్కింది. వేగం తగ్గాల్సిన చోట తగ్గలేదు. అప్పుడు రెండు కాళ్ళూ నేలకి దించాడు. చెప్పులు దుమ్ములో ఈడ్చుకుంటూ మా ముందునుంచే వెళ్ళి, ప్రహరీ గోడ చివర ఆగాడు.

పాప చప్పట్లు కొట్టింది. నాన్న సర్కస్ చేశాడనుకుంది. నేను గోడ చివరిదాకా గబగబా నడిచాను.

"ఏందండీ అట్టా ఆపారు?"

"చానా రోజులైంది గదే. చెయ్యి అలవాటు తప్పింది" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. కూరలో ఉప్పెక్కువైన రోజు బాగుందని చెప్పి నవ్వే నవ్వు.

ఆయన బండి లోపలికి తోసుకుపోయాక నేను నేలవైపు చూశాను. దుమ్ములో రెండు గీతలు. మా గేటుకి చాలా ముందు మొదలై, గేటు దాటి, గోడ చివరిదాకా ఉన్నాయి. పక్కనే టైరు జాడ ఉంది. అది ఎక్కడా జారిన గుర్తు లేదు. అంటే చక్రం కాసేపు కూడా బిగుసుకోలేదన్నమాట. మొదటినుంచి చివరిదాకా తిరుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆ బండి మీద మేం నలుగురం కోటప్పకొండకు పోవాలి.

చిన్నవాడి పుట్టువెంట్రుకల మొక్కు. శివరాత్రి తిరనాళ్ళ రద్దీ తగ్గాక పెట్టుకుందామని ముందే అనుకున్నాం. ముప్పాళ్ళ నుంచి మా అమ్మా నాన్నా నేరుగా కొండకే వస్తామన్నారు. మా ఆయన సెలవు అయ్యేలోపు ఆ మంచిరోజు ఒక్కటే దొరికింది. వీటన్నిటికంటే పెద్దది పాపకి ఇచ్చిన మాట. మా ఆయన కర్ణాటక వైపు క్వారీలో టిప్పర్ నడుపుతాడు. ఏడాదిగా వీడియో కాల్ చేసినప్పుడల్లా పాప అడిగేది ఒకటే: "నాన్నా, నువ్వొచ్చాక బండి మీద కొండకు పోదామా?" "పోదాం తల్లీ, నిన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుంటా." ఆ మాట బళ్ళో అందరికీ చెప్పేసింది. వాళ్ళ టీచరు కూడా నన్ను అడిగింది, ఎప్పుడు పోతున్నారని.

కొండ మీదికి ఘాట్ రోడ్డు. ఎక్కడం గురించి నాకు భయం లేదు. దిగడం గురించే.

ఆ రోజు పొద్దున జరిగింది చెప్పాలి. ఏడాది క్రితం వెళ్ళేటప్పుడు మా ఆయన బండిని మా ఇంటికీ బావగారి ఇంటికీ మధ్యనున్న ఎరువుల కొట్టంలో పెట్టి, మిరపకాయలు ఆరబోసే పట్టా కప్పి వెళ్ళాడు. యూరియా, డీఏపీ బస్తాల పక్కన ఇనుము పెడితే ఎంత తొందరగా తుప్పు పడుతుందో డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన నాకు తెలుసు. అయినా మా ఇళ్ళల్లో తడవకుండా ఉండే చోటు అదొక్కటే. పైగా "నీ బండి నేను చూసుకుంటా పోరా" అని బావగారు మాటిచ్చారు. బావగారంటే మా ఆయన అన్న. ఆయనకి గేర్ల బండి నడపటం రాదు. పొలానికైనా ఊళ్ళోకైనా తన ఎక్సెల్ మోపెడ్ మీదే తిరుగుతారు. ఈ బండిని ఒక్కరోజు కూడా బయటికి తియ్యలేదు.

పొద్దున పట్టా తీస్తే బండి చూడటానికి నిగనిగలాడుతోంది. ట్యాంకు మీద మొహం కనపడేంత మెరుపు. తోస్తే మాత్రం కదల్లేదు. అన్నదమ్ములిద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. ముందు చక్రం తిరిగింది, వెనక చక్రం రాయిలా నేలకి అతుక్కుంది. చివరికి వెనకభాగం ఎత్తి, ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చారు.

"లోపల డ్రమ్ముకి తుప్పు పట్టిందన్నా. బ్రేకు కరుచుకుంది" అన్నాడు మా ఆయన.

"కరుచుకుంటే ఇడిపిద్దాం. ఎంతసేపు" అని బావగారు సుత్తీ, రెంచీ, ఆయిల్ సీసా పట్టుకొచ్చారు. బ్రేకు రాడ్డు నట్టు బాగా వదులు చేశారు. డ్రమ్ములోకి పోయే, చిన్న చేతిలాంటి ఇనుప ముక్క మీద సుత్తితో మెల్లగా కొట్టారు. అది లోపలికి దిగే సందులో సీసా వంచి ఆయిల్ పోశారు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ పోశారు.

మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ చూస్తోంది. "మా ఇంటి తలుపు బందులు ఏడాదినుంచి కిర్రుమంటన్నయ్. ఒక్క చుక్క పొయ్యమంటే పొయ్యడు. తమ్ముడి బండికైతే సీసాలకి సీసాలు" అంది.

"తలుపు కిర్రుమంటేనే నువ్వొస్తన్నావని తెలుస్తది. సర్దుకునే టైముంటది. ఉండనీ" అన్నారు బావగారు తలెత్తకుండా.

అందరం నవ్వాం. ఆ నవ్వుల్లోనే చక్రం ఒక్కసారి గరగరమని కదిలి, తర్వాత తేలిగ్గా తిరిగింది. బావగారు వేలితో తోస్తే చాలు, గిర్రున తిరుగుతోంది. "చూశావట్రా, ఎన్నలాగా తిరుగుతంది" అని తమ్ముడి వీపు చరిచారు. ఆ సంతోషం నిజమైంది. పొద్దుటినుంచీ ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని చేసిన పని అది. బండి స్టార్టయి పొగ వదిలేసరికి పాప ఎగిరి గంతులేసింది. బ్రేకు గురించి ఎవరూ మాట్లాడలేదు. కదలని బండి కదిలింది, అంతే.

మా ఊరి మెకానిక్ పెళ్ళికని వేరే ఊరు వెళ్ళాడు, సోమవారం గానీ రాడు. సాయంత్రం మా ఆయన గాలి కొట్టించుకుని, పెట్రోలు పోయించుకుని వస్తానని రోడ్డు మీదకి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడే నేను ఆ గీతలు చూసింది.

ఆయన స్నానానికి వెళ్ళగానే చిన్నవాణ్ణి దించి బండి దగ్గరికి వెళ్ళాను. ముందు చక్రానికి డిస్కు బ్రేకు. ఆ ఇనుప బిళ్ళ మీద వేలు పెట్టి రాశాను. వేలు నల్లగా అయింది. వాసన చూస్తే దుకాణంలో కొన్న ఆయిల్ వాసన కాదు, ట్రాక్టరు రిపేరు చేసేటప్పుడు వచ్చే మాడు వాసన. వంగి చూశాను. బిళ్ళ మీదే కాదు, దాన్ని పట్టుకునే బ్రేకు సందుల్లో కూడా జిడ్డు గడ్డకట్టి ఉంది. రిమ్ము, ఊచలు, చైను కవరు, అన్నిటి మీదా అదే పలుచటి పొర. పొద్దున మెరిసిందంతా ఇదే.

కల్లంలో అక్క మిరపకాయలు కుప్ప చేసి పట్టా కప్పుతోంది. వెళ్ళి ఒక కొస పట్టుకున్నాను.

"అక్కా, బండికి ఆయిల్ ఏమన్నా పట్టించారా బావగారు?"

"పట్టిచ్చడమా? స్నానం చేయిచ్చాడు!" అంది అక్క. "గొర్రుకీ, రోటవేటర్ బ్లేడ్లకీ కొట్టినప్పుడల్లా ఆ బండిక్కూడా కొట్టేవాడు. మందుకొట్టే పాత పంపులో డీజిలూ, ట్రాక్టర్లోంచి తీసిన వేస్టాయిలూ కలుపుకుని, వీపుకి తగిలించుకుని పొయ్యేవాడు. బండికేమన్నా పత్తికి మల్లే గులాబి పురుగు పడిందా ఏందయ్యా అని నేను నవ్వేదాన్ని. తమ్ముడొచ్చేసరికి తుప్పు మచ్చ ఉండగూడదంట. ఏం, ఎందుకడిగావ్?"

"ఊరికే అక్కా."

పట్టా మీద రాళ్ళు పెట్టి వచ్చేశాను. మా ఇళ్ళల్లో పంట అయిపోయాక ఇనుమనేదానికల్లా ఆయిల్ కొట్టి పెడతారు. గొర్రు దంతెలకి, బ్లేడ్లకి, పారకి కూడా. మళ్ళీ కాలానికి తుప్పు లేకుండా మట్టిలోకి నున్నగా దిగాలి కదా. బావగారికి తెలిసిన జాగ్రత్త అది. అంత ప్రేమగా, అంత శ్రద్ధగా, ఒక్క భాగం వదలకుండా చేశారు. కానీ బండి మొత్తం మీద జారకూడని ఇనుము ఒకటుంది. దాని పనే పట్టుకోవడం. ముందు చక్రానికి ఏడాదంతా కొట్టిన ఆయిల్. వెనక డ్రమ్ములోకి పొద్దున పోసిన ఆయిల్. పైగా ఆ నట్టు వదులు చేసినవాళ్ళు మళ్ళీ బిగించినట్టు నాకు గుర్తులేదు.

మా ఆయన తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. పిల్లలు లోపల టీవీ ముందున్నారు. మెల్లగా చెప్పాను.

"డిస్కు పొద్దున్నే గుడ్డతో తుడిచాగదే."

"లోపలి ప్యాడ్లు తుడిచారా? వెనక డ్రమ్ములో తుడిచారా?"

"నాలుగుసార్లు బ్రేకేస్తే ఆ వేడికి అదే పోద్ది."

"పోకపోతే? కొండ మీద మలుపులో పోకపోతే?"

ఆయన టవలు దండెం మీదకి విసిరాడు. "నేను క్వారీలో లోడు టిప్పరు వెనక్కి దింపేవాణ్ణే. ఈ బుల్లి బండికి నువ్వు నాకు బ్రేకులు నేర్పుతావా? గేర్లో దింపుతా. మెల్లగా దింపుతా. చాలా?"

"ఎదురుగా బస్సొస్తే?"

"నీకు అన్నిట్లోనూ చావే కనపడద్ది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు. మా అన్న ఏడాదిపాటు చూసుకున్నాడు. పొద్దుటినుంచి ఎండలో కూర్చుని చేశాడు. ఇప్పుడు పొయ్యి నువ్వే పాడు చేశావని చెప్పమంటావా? ఆ మాట మాత్రం నేను అనలేను. నువ్వూ అనమాక."

నేను అనలేననీ ఆయనకి తెలుసు. పెళ్ళయిన కొత్తల్లో మా అత్తగారు నేర్పిన పద్ధతి అది, ఆవిడ పోయినా అది పోలేదు. బావగారితో నేను నేరుగా మాట్లాడను. అన్నానికి పిలవాలన్నా పాపని పంపుతాను. ఆయన వాకిట్లోకి వస్తే లేచి నిలబడతాను. ఆయనకీ నాకూ మధ్య ఎప్పుడూ ఒక మనిషి ఉండి మాట మోస్తుంది. ఇప్పుడు మొయ్యాల్సిన మనిషి మొయ్యనంటున్నాడు.

వంటింట్లోకి వెళ్ళాను. మర్నాటికి పులిహోర కలపాలి. చింతపండు పిసుకుతున్నాను గానీ కళ్ళముందు కొండ రోడ్డే. ఒకవైపు రాయి, ఒకవైపు పిట్టగోడ. పాప ట్యాంకు మీద కూర్చుని రెండు చేతులూ హ్యాండిల్ మధ్యలో పెట్టుకుని ఉంటుంది. చిన్నవాడు గుండు మీద గంధంతో మా ఇద్దరి మధ్య నిద్రపోతుంటాడు. మా ఆయన భుజాలు ఇందాకటిలాగే బిగుసుకుంటాయి. వెనకనుంచి నాకు ఆయన భుజాలు తప్ప ఇంకేమీ కనపడవు. కాళ్ళు దించుతాడు. కొండ మీద తారురోడ్డు, దుమ్ము కూడా ఉండదు.

చేతులు కడుక్కున్నాను. బియ్యం డబ్బా పక్కనున్న సగం బస్తా ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చాను.

"ఏందిది?"

"ఇది మన పిల్లలు" అన్నాను. "వీళ్ళనీ నన్నూ ఎక్కించుకుని మన వాలు ఒక్కసారి దిగండి. ఇప్పుడే, వెలుతురుండగా. గేటు దగ్గర ఆగితే రేపు నోరెత్తను. నవ్వుతూ ఎక్కి కూర్చుంటాను."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. కాసేపు బస్తావైపే చూశాడు. ఆ తర్వాత తాళంచెవి తీసుకున్నాడు.

బండి ఆగకపోతే ఇక్కడే ఆగకూడదు, నా లెక్క అది. ఇక్కడ చివర్లో పత్తికట్టె వామి ఉంది. కొండ మీద వామి ఉండదు. పిల్లలిద్దర్నీ అక్క దగ్గర వదిలి, వాళ్ళని గేటు దాటి రానియ్యొద్దని చెప్పాను. మధ్యలో బస్తా పెట్టుకుని వెనక కూర్చున్నాను.

మా ఇంటికి నాలుగిళ్ళ ఎగువనుండే మామ్మ అరుగు మీద వక్కపొడి నములుతోంది. "ఏమే, బియ్యం మూటేసుకుని పుట్టింటికా?" అంది.

"కాదు మామ్మా. ఇట్టా రోడ్డెక్కి రావటమే."

"మొగుడొచ్చి రెండ్రోజులన్నా గాలేదు, అప్పుడే గెంటేస్తన్నాడేందా అనుకున్నా. బియ్యం కూడా ఇచ్చి పంపుతన్నాడు, మంచోడే!"

వీధంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బస్తాని రెండు చేతులా చుట్టి పట్టుకున్నాను, నిజంగా పిల్లల్ని పట్టుకున్నట్టే.

రోడ్డెక్కి బండి తిప్పాం. "గేరు తీసెయ్యండి. బ్రేకే చూద్దాం" అన్నాను. ఆయన న్యూట్రల్ చేసి మెల్లగా వదిలాడు. మొదట్లో నడిచినంత వేగమే. మామ్మ అరుగు దగ్గరికొచ్చేసరికి గాలి చెవులకి తగలడం మొదలైంది. "ఇప్పుడు" అన్నాను. ఆయన నొక్కాడు. కిందనుంచి శ్శ్ అని మెత్తటి చప్పుడు వచ్చింది, తడి చేతుల్తో పళ్ళెం రుద్దినట్టు. అంతే. బండి దాని దారిన అది పోతోంది.

"పట్టట్లా" అన్నాడు. "వెనకదీ పట్టట్లా."

గేటు దగ్గర పాప చెయ్యూపుతోంది. పక్కన బావగారు నిలబడి ఉన్నారు, ఎప్పుడొచ్చారో. మేం వాళ్ళని దాటిపోయాం. మా ఆయన కాళ్ళు దించాడు. ఈసారి మా బరువుకి కాళ్ళు కూడా ఆపలేకపోయాయి. చెప్పు ఒకటి ఊడి వెనక ఉండిపోయింది. "గట్టిగా పట్టుకో" అన్నాడు. నేరుగా వామిలోకి పోయాం.

పెద్ద దెబ్బలేం తగల్లేదు. ఎండు పత్తికట్టె గీరుకుని ఇద్దరి మోకాళ్ళ కిందా ఎర్రటి చారలు పడ్డాయి. బండి వామిలో సగం దూరి, ఒరిగి ఆగిపోయింది. బస్తా మూతి ఊడి బియ్యం చిమ్మాయి. ఎక్కడినుంచి వచ్చాయో, మేం లేచేలోపే కోళ్ళు చేరాయి. మామ్మ అరుగు మీదనుంచి లేచి నిలబడింది.

బావగారు పరుగున వచ్చారు. తమ్ముణ్ణి లేపి, కాళ్ళూ చేతులూ తడిమి చూశారు. "ఏమైందిరా?"

మా ఆయన నావైపు చూశాడు. తర్వాత నేలవైపు చూశాడు. "బండి ఆగలా అన్నా."

బావగారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. డిస్కు మీద బొటనవేలితో రాశారు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ వాసన ఆయనకి కొత్త కాదు, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మేం దూసుకుపోతుంటే పాప తన పక్కనే నిలబడి చెయ్యూపిన సంగతి గుర్తొచ్చిందేమో, ఒకసారి తలతిప్పి గేటువైపు చూశారు.

"పసిబిడ్డల్తో ఎక్కేవాళ్ళురా మీరు" అన్నారు. "నేను కొట్టిన ఆయిలేరా ఇది."

ఆయన్ని అట్టా చూడటం నా వల్ల కాలేదు. "బావగారూ" అన్నాను. ఆయన ఉలిక్కిపడి చూశారు. మా ఆయన కూడా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఆ ఎరువుల్లో ఏడాది పెడితే రిమ్ముల్ని తుప్పు తినేసి ఉండేది. ట్యాంకుకి చిల్లు పడేది. మీరు కొట్టబట్టే బండి మిగిలింది. ఆ బ్రేకులొక్కటే... వాటికి ఆయిల్ తగలగూడదు. అవి మార్పిస్తే చాలు."

బావగారు నన్ను చూశారు, మళ్ళీ బండివైపు చూశారు. "నీకు ముందే తెలుసా అమ్మాయ్?"

"సాయంత్రం తెలిసింది."

"తెలిస్తే నాతో చెప్పాలి గదా. బస్తా ఏసుకుని వామిలో దూకేదానికంటే నాతో చెప్పడం అంత కష్టమా?" అని కోప్పడ్డారు. నిజంగానే కోప్పడ్డారు. ఎందుకో అప్పుడు నాకు ఏడుపొచ్చింది, అదీ భయం తీరిన ఏడుపు.

అన్నదమ్ములిద్దరూ బండి తోసుకొచ్చి వెనక చక్రం ఊడదీశారు. డ్రమ్ములోంచి తీసిన బ్రేకు షూలు నల్లగా, తడిగా, నూనెలో వేయించిన అప్పడాల్లా మెరుస్తున్నాయి. సబ్బుపెట్టి కడిగితే పోదా అని బావగారు అడిగారు. "తాగేసినయ్ అన్నా. కొత్తవి ఏపిచ్చాల్సిందే. ముందువి కూడా" అన్నాడు మా ఆయన. ఆ తర్వాత నన్ను చూడకుండా, చక్రంతో చెప్తున్నట్టు అన్నాడు: "గాలి కొట్టిచ్చుకునేకాడే తెలిసింది నాకు. సరిగ్గా పడట్లేదని."

ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. తెలిసి కూడా నవ్వాడు. అన్న మొహం చిన్నబోతుందని పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవాడా? కూర్చోబెట్టుకునేవాడు కాదనే అనుకుంటున్నాను. పొద్దున్నే ఏదో ఒక వంక చెప్పి ఉండేవాడు. గట్టిగా నమ్మలేకపోతున్నాను కాబట్టే పిల్లలు పడుకున్నాక ఈ ఆదివారం రాత్రి కూర్చుని ఇదంతా రాసుకుంటున్నాను. ఇంట్లో మంచితనం కూడా బ్రేకుకి అడ్డం పడుతుందని ఇంతకుముందు నాకు తెలియదు. ఒకరి మనసు నొప్పించకూడదని ఇంకొకరు, ఆ ఇంకొకరిది నొప్పించకూడదని నేను. అందరం మెత్తగా ఉన్నాం, ఎవరం పట్టుకోలేదు.

శనివారం రాత్రి బావగారు సరిగ్గా అన్నం తినలేదని అక్క చెప్పింది.

తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే అక్క చప్పుడు లేకుండా నా వెనకొచ్చి నిలబడింది. ఉలిక్కిపడ్డాను. వాళ్ళ తలుపు తీసిన చప్పుడే రాలేదు.

"సీసాలో మిగిలిందంతా బందులకి పోశాడమ్మా" అంది అక్క, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "ఇంక ఇంట్లో నేను దెయ్యంలా తిరగొచ్చు."

బావగారు అప్పటికే ఎక్సెల్ మీద రోడ్డెక్కి, నరసరావుపేట బస్సు ఎప్పుడో కనుక్కుని వచ్చారు. అక్కడ దిగి కొండ బస్సు ఎక్కాలి. పాపని నిద్రలేపాను. కళ్ళు తెరవకుండానే "నేను ట్యాంకు మీద" అంది.

"బండి ఇవాళ రాదమ్మా. మనం బస్సులో పోతున్నాం. నాన్న కూడా మనతోపాటే బస్సులో వస్తాడు."

లేచి కూర్చుంది. పెదవి వణికింది. చిన్నవాడు కూడా లేచి, పాప ఏడుస్తుందేమోనని చూస్తున్నాడు, ఏడిస్తే తనూ మొదలుపెట్టడానికి.

"పెదనాన్న బండి పాడు చేశాడంటగా. మామ్మ చెప్పింది."

"మామ్మకి తెలీదు. పెదనాన్న బండికి తుప్పు పట్టకుండా చూశాడు. బ్రేకులు మాత్రం మార్పియ్యాలి. కొత్తవి వేయించి, నాన్న ఒక్కడే నడిపి చూసి, బాగా ఆగుతుంటే అప్పుడు నువ్వు ట్యాంకు మీద."

"మరి నిన్న నాన్నకి భయమేసిందా?"

గుమ్మంలో నిలబడి షర్టు గుండీలు పెట్టుకుంటున్న మా ఆయన చెయ్యి ఆగింది. ఏం చెప్తానా అని చూస్తున్నాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు. ఆయన్ని పిల్లల ముందు చిన్న చెయ్యాలనీ అనిపించలేదు.

"నాకేసింది" అన్నాను. "నాకు చానా భయమేసింది. అందుకని మిమ్మల్ని ఎక్కించకముందే నాన్నా నేనూ ఎక్కి చూశాం. ఆగలేదు. ఆగనిదాని మీద మిమ్మల్ని ఎక్కించం. నీకెప్పుడన్నా అట్టా భయమేస్తే నువ్వు కూడా దాచుకోమాక. నవ్వుతారనుకోమాక. నాతో చెప్పు, నాన్నతో చెప్పు, పెదనాన్నతోనైనా చెప్పు. ఇప్పుడు లేచి మొహం కడుక్కో. బస్సులో ముందు సీటు దొరికితే అది నీదే."